సుడి ఎడమకు తిరిగిన గుర్రం

పెద్దబాపు పోయాడని ఆయన కొడుకు వాట్సాప్‌లో మాట పంపాడు. "అన్నా, బాపు తెల్లారంగ పోయిండు. నీకు చెప్పుమన్నడు. గుర్రాలకు గూడ చెప్పుమన్నడు." అప్పుడు నా చేతిలో ఒక తెల్ల గుర్రం కాలు ఉంది, గిట్టలో ఇరుక్కున్న మట్టి గోకుతున్నాను. ఫోను జేబులో పెట్టి మిగతా కాళ్లు కూడా గోకాను. అయిపోయాక మళ్లీ అదే గుర్రానికి మొదటి కాలు ఎత్తాను. వీడికి మతి పోయిందా అన్నట్టు అది తల తిప్పి చూసింది.

మూడు రోజులైంది. అప్పటి నుంచి ఒక చోట కూర్చోలేకపోతున్నాను. గడ్డి వేసిన తొట్టిలోనే మళ్లీ గడ్డి వేస్తున్నాను. ఈ నాలుగు ముక్కలు కూడా దాణా బస్తా మీద కాగితం పెట్టుకుని, మధ్యలో లేచి తిరుగుతూ రాస్తున్నాను. గుర్రాలకు చెప్పడం చిన్న పనే. కానీ ఆయన పోయాడని చెప్పేముందు ఆయన గురించి చెప్పాల్సిన నిజం ఒకటి నా దగ్గర ఉండిపోయింది. అది చెప్పకుండా ఏ మొహంతో వాటికి ఈ మాట చెప్పను?

నేను ఉండేది సౌదీలో, అల్ ఖర్జ్ అవతల, గుర్రాలను పెంచే ఒక మజ్రాలో, అంటే ఫారంలో. చుట్టూ ఉన్నవి పాల ఫారాలు. అక్కడి మనవాళ్లు కనిపిస్తే "మేం పాలు పిండుతం, మీరు గుర్రాలకు పెండ్లిళ్లు చేస్తరు" అని వెక్కిరిస్తారు. అబద్ధమేమీ కాదు. ఏ ఆడ గుర్రాన్ని ఏ మగ గుర్రంతో దాటించాలి, పుట్టినదాన్ని ఎవరి పేరు మీద రాయాలి, ఇదే మా పని. పెద్దబాపు ఇక్కడ గుర్రాలు చూసుకునే పెద్ద సైసు; దాటుళ్లు రాసే పుస్తకం ఆయన చేతిలోనే ఉండేది. జగిత్యాల దిక్కు, మా పక్క ఊరు. రక్త సంబంధం లేదు. నేను విమానం దిగిన రోజు చెప్పు తెగితే, తన చెప్పులు నాకిచ్చి ఆ వారమంతా రబ్బరు బూట్లలో తిరిగాడు. అంతటితో పెద్దబాపు అయిపోయాడు.

ఇక్కడి గుర్రాల వంశం తల్లి వైపు నుంచి లెక్క. తండ్రిని బట్టి ధర పలుకుతుంది గానీ, ఇది ఏ ఇంటిది అంటే మాత్రం తల్లి, ఆమె తల్లి, ఆ తల్లికి తల్లి అని వెనక్కి పోతారు. పెద్దబాపు ఉదయాన్నే మొహానికి తోలు పట్టీ తొడుగుతూ ప్రతి గుర్రానికీ దాని తల్లుల పేర్లు ఏడు తరాలు చదివేవాడు. పూజారి గోత్రం చదివినట్టు ఉండేది. చదివాక నుదుటి మీద వెంట్రుకల సుడిలో బొటనవేలు పెట్టి ఒకసారి తిప్పేవాడు. ఊళ్లో వాళ్ల తాత ఎడ్లకు సుడి చూసి బేరం చేసేవాడట. ఆ అలవాటు వేలికి మిగిలింది.

నేను ఊరుకునే మనిషిని కాను. పదో తరగతి రెండుసార్లు తప్పాను గానీ నోరు ఒక్కసారి కూడా తప్పలేదు. ఒకరోజు అడిగాను.

"పెద్దబాపూ, గుర్రాలకైతే ఏడు తరాలు సదువుతున్నవ్. నీ తల్లి పేరేంది?"

"లచ్చవ్వ."

"ఆమె తల్లి?"

"రాజవ్వ."

"ఆమె తల్లి?"

పట్టీ చేతిలోనే ఆగిపోయింది. "తెల్వది."

"మరి నీకు కాగితం రాదు. నిన్ను ఎవ్వడు కొనడు."

ఆయన నవ్వలేదు. ఆ ఏడు సెలవుకు పోయి వచ్చాడు. నాకు మామిడికాయ తొక్కు డబ్బా ఇచ్చి, ఇంకా సంచి కూడా దించకుండా మొదలుపెట్టాడు. "ఎల్లవ్వ కడుపున పోశవ్వ, పోశవ్వ కడుపున రాజవ్వ, రాజవ్వ కడుపున లచ్చవ్వ, లచ్చవ్వ కడుపున నేను. మా సిన్నమ్మను అడిగి తెలుసుకున్న. ఇగ నీది చెప్పు."

నాకు తెలిసింది ఇద్దరే. అందరి ముందూ "రెండు తరాల గాడిద" అని ఆరు నెలలు పిలిచాడు. "నాయన పేరు కాగితం మీద ఉంటది రా, తల్లి పేరు నోట్లె ఉండాలె" అనేవాడు.

అల్లరిలో మాత్రం నేను ఏడు తరాలవాణ్ణి. కొత్తగా వచ్చిన బంగ్లాదేశ్ మనిషికి, ఈ గుర్రం సలాం చెప్పందే గడ్డి ముట్టదని చెప్పి, వారం రోజులు దానికి సలాం కొట్టించాను. పెద్దబాపుకు తెలిసింది. "గుర్రం మర్యాద నేర్సుకున్నది. నువ్వెప్పుడు నేర్సుకుంటవ్?" అన్నాడు. నేర్చుకుని ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

మా దగ్గర రెండు తెల్ల మగ గుర్రాలు ఉన్నాయి. ఒకే తల్లి బిడ్డలు, ఏడాది తేడా. దూరం నుంచి చూస్తే ఒకటే. పెద్దదానికి నుదుటి సుడి ఎడమకు తిరుగుతుంది, చిన్నదానికి కుడికి. మిగిలినవాళ్లం మొహం పట్టీకి ఉన్న ఇత్తడి బిళ్ళ మీద పేరు చూసి పోల్చుకునేవాళ్లం. ఒక మధ్యాహ్నం, కొత్తగా చేరిన పాకిస్తానీ భాయ్ ఒక గుర్రానికి బదులు ఇంకో గుర్రాన్ని స్నానానికి తీసుకుపోతే నవ్వుదామని, ఆ రెండు పట్టీలూ మార్చేశాను. అంతలో గడ్డి లారీ వచ్చింది. మోపులు దించుతూ ఆ సంగతే మరిచిపోయాను.

ఆ మధ్యాహ్నమే ముసలి ఆడ గుర్రం ఒకటి ఎదకు వచ్చింది. ఆ ఏడాదికి దాని చివరి ఎద. దానికి చిన్న మగ గుర్రంతో పుట్టే పిల్లను మా యజమాని కఫీల్ తన స్నేహితుడికి ఇస్తానని మాటిచ్చి ఉన్నాడు. పెద్దబాపుకు అప్పటికే కళ్లలో పొర. మెడికల్‌లో పట్టుకుని ఇంటికి పంపుతారని ఎవరికీ చెప్పలేదు. బిళ్ళ దగ్గరికి మొహం పెట్టి పేరు చదివాడు, గుర్రాన్ని తీసుకుపోయాడు, దాటించాడు. తిరిగి కట్టేస్తూ అలవాటు కొద్దీ సుడి మీద వేలు పెట్టాడు. వేలు ఎడమకు తిరిగింది.

నేను లారీ దగ్గర నుంచి వచ్చేసరికి ఆయన గుర్రం నుదుటి మీద వేలు తీయకుండా నిలబడి ఉన్నాడు.

"పట్టీలు నువ్వే మార్చినవా?"

"ఆ. నవ్వుదామని."

"నవ్వు మరి."

నేను ఆయన కాళ్ల మీద పడ్డాను. చిన్నదాని పేరే రాసెయ్యి పెద్దబాపూ, అన్నదమ్ములే గదా, ఎవ్వడు చూసొచ్చిండు అన్నాను.

"ఇప్పుడు వెంట్రుక పీకి చూసి తండ్రెవరో చెప్తున్నరు. అది లేకున్నా నేను రాయ. గుర్రానికి నోరు లేదు, దాని నోరు నా పుస్తకం." ఆ పట్టీ విప్పుతూ మళ్లీ అన్నాడు. "నువ్వు పట్టీ మార్చినవ్. నేను గుర్రం మొకం చూడలె, బిళ్ళ సదివిన. నేను చూసేటోడినని నన్ను పెట్టుకున్నరు. నీది నీ దగ్గరుంచుకో, నాది నేను చెప్త."

పొద్దు వాలకముందే కఫీల్ దగ్గరికి పోయాడు. వెనకాలే పోయి వాకిలి దగ్గర నిలబడ్డాను. బిళ్ళ ఎలా మారిందని కఫీల్ రెండుసార్లు అడిగాడు. "అది నేను చెప్పను బాబా. మొహం చూడనిది నేను" అన్నాడు పెద్దబాపు. మందు పెట్టి కడుపు నిలవకుండా చేద్దామంటే, ముసలిది, మళ్లీ ఎదకు వస్తుందో రాదో అని వైద్యుడు వద్దన్నాడు. స్నేహితుడి ముందు కఫీల్ మాట పోయింది. పెద్దబాపు చేతిలోంచి దాటుడు పుస్తకం పోయింది. ఆయనను మగ గుర్రాల కొట్టం నుంచి తీసి గడ్డి గోదాములో వేశారు.

పుస్తకం ఎవరికిచ్చారో తెలుసా? ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని రాయగలడని నాకు.

అప్పుడైనా నోరు విప్పాల్సింది. ఊళ్లో కడుతున్న ఇల్లు సగం గోడల్లో ఉందని నాకు నేను చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, భయం. పెద్దబాపు గోదాము నుంచి మధ్యాహ్నం వచ్చి నా పక్కన కూర్చుని గడులు నింపడం నేర్పేవాడు. "రబ్బరు ముట్టకు. తప్పు రాస్తే ఒక్కటే గీత కొట్టు, కింది మాట కనబడాలె. పక్కన సంతకం పెట్టు." ఒక్కరోజూ ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచినా బాగుండేది.

పుస్తకంలో ఆ దాటుడు వరుస పక్కన ఆయన తెలుగులో రాసి ఉంది: "గుర్రాన్ని చూడలేదు. తప్పు నాది." ఈ మజ్రాలో ఆ మాట చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. రెండేళ్లకు ఎగ్జిట్ కొట్టించుకుని ఇంటికి పోయాడు. పోయేముందు అన్ని గుర్రాల నుదుళ్లూ వేలితో తడిమాడు. నాతో మాత్రం "ఏం రా రెండు తరాల గాడిదా, ఉంట మరి" అన్నాడు.

ఆ తప్పుకు పుట్టిన ఆడ గుర్రప్పిల్ల మా దగ్గరే పెరిగింది. పెద్దబాపు పోయిన మర్నాడే అది ఈనింది, తొలిచూలు. పుట్టినదానికి వంశం రాయాలి కదా, పాత వరుస తీశాను. ఆయన చేతిరాత కనిపించింది. ఆయన మాటను నేను కొట్టెయ్యలేదు. ఆయన ఒప్పుకున్నది ఆయనది. దాని కింద రాశాను: "పట్టీలు మార్చింది నేను." సంతకం పెట్టాను. పుస్తకం పట్టుకుని ఈ ఉదయం కఫీల్ దగ్గరికి పోయాను.

"ఇదేం భాష?" అన్నాడు.

"మాది బాబా."

"చదువు."

రెండు వరుసలూ నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను. వేలు పెట్టి చూపిస్తూ, ఇది ఆయన, ఇది నేను అన్నాను. కఫీల్ చాలాసేపు ఆ అర్థం కాని అక్షరాలనే చూశాడు.

"ఆయన ఉన్నప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"భయమేసింది."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ వేస్తోంది."

పుస్తకం మూసి దాని మీద చెయ్యి పెట్టుకున్నాడు. "రేపు జుమా నమాజు అయ్యాక మాట్లాడదాం. పో, పని చూసుకో." ఇక్కడ ఉండనిచ్చే కాగితం, ఇకామా, ఇంకా ఏడు నెలలుంది. రేపటికి ఏమవుతుందో నాకు తెలియదు. మీకు ఇది రాస్తున్నప్పటికి పుస్తకం ఆయన బల్ల మీదే ఉంది.

ఇందాక కొట్టంలోకి పోయాను. ఒక్కొక్కదాని దగ్గరా నిలబడి చెప్పుకుంటూ వచ్చాను. చివరికి పెద్ద మగ గుర్రం. నుదుటి మీద వేలు పెట్టి, ఆయన చదివినట్టే చదివాను. ఎల్లవ్వ కడుపున పోశవ్వ, పోశవ్వ కడుపున రాజవ్వ, రాజవ్వ కడుపున లచ్చవ్వ. లచ్చవ్వ కడుపున పుట్టినాయన పోయిండు.

వేలు ఎడమకు తిరిగింది. చెప్పడం అయిపోయిందని చెయ్యి తీయబోతే, అది తల ఇంకొంచెం వంచి నుదురు నా వేలికి ఆనించింది.