మేక పడేసిన స్కూటర్

నా చిన్నప్పుడు చేవెళ్లలో మా బాపుకు ఒక పాత స్కూటర్ ఉండేది. బాపు దవాఖానలో కంపౌండర్. సూదిమందు వేయడానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ దాని మీదే తిరిగేవాడు. ఎవరో వాడి అమ్మిన బండే, రంగు మాత్రం మంచి నీలం. ఆదివారం చర్చికి పోయేటప్పుడు నేను ముందర నిలబడేదాన్ని, అమ్మ వెనక కూర్చునేది. మా వాడలో ఇంకెవరికీ బండి లేదు గనుక నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. అబద్ధం ఎందుకు, నేను చెప్తుంటే ఇది రాస్తున్న మనవరాలిని అది కూడా రాయమన్నాను.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు ఉంటాయేమో. ఒక ఆదివారం మధ్యాహ్నం బాపు తిని పడుకున్నాడు. నేను స్టాండు వేసి ఉన్న బండి ఎక్కి, నోటితో చప్పుడు చేస్తూ ఊళ్లు తిరుగుతున్నాను. అటూ ఇటూ ఊగేసరికి బండి ఎడమ పక్కకు ఒరిగింది. నేను దూకి తప్పించుకున్నాను. బండి పోయి రోటి మీద పడింది. వెనక చక్రం పక్కన ఉబ్బెత్తుగా ఉండే రేకు డోరు, నా అరచెయ్యంత మేర లోపలికి పోయింది.

చప్పుడుకు బాపు లేచి వచ్చాడు. వాకిట్లో పక్కింటి అక్క వాళ్ల మేక మా చిక్కుడు తీగ మేస్తున్నది. "మేక బాపూ! మేక ఎగిరి సీటు మీదికి దుంకింది" అన్నాను. నోరు దానంతట అదే అనేసింది. బాపు మేకను చూశాడు, నన్ను చూశాడు, బండి లేపి నిలబెట్టాడు.

తర్వాతి వారం ఆ డోరుకు లప్పం పెట్టించి, పైన రంగు వేయించుకొచ్చాడు. లప్పమంటే గోడ గుంతలు పూడ్చినట్టు సొట్టలు పూడ్చే ముద్ద. అప్పటి నుంచి ఆ మేక కనిపిస్తే చాలు, బండి ఆపి మరీ పలకరించేవాడు. "ఏమే, లైసెన్స్ తెచ్చుకున్నవా? మల్ల ఎప్పుడు నడుపుతవ్ నా బండి?" అని అడిగి, ఓరగా నా వైపు చూసేవాడు. నేను కిలకిలా నవ్వేదాన్ని. నమ్మేశాడు, బతికిపోయాను అనుకునేదాన్ని.

ఆ వానాకాలం దాటాక బాపుకు కామెర్లు వచ్చాయి. ఎన్ని మందులు తాగినా తగ్గలేదు. ఒక పొద్దున నేను గంజి తాగిస్తుంటే, "మేక మంచిగున్నదా బిడ్డా?" అని అడిగాడు. "మంచిగున్నది బాపూ" అన్నాను. గ్లాసు కడగడానికి లేచి వెళ్లిపోయాను. ఆ తర్వాత నాలుగు రోజులకు బాపు పోయాడు.

అమ్మ నన్ను తీసుకొని మొయినాబాద్‌లో అమ్మమ్మ ఇంటికి చేరింది. బండి అమ్మక తప్పలేదు. బాపు ఎప్పుడూ బండికి రంగు వేయించే పెయింటర్ చాచా షెడ్డు అక్కడే, బస్సులు ఆగే రోడ్డు పక్కన ఉండేది. చాచాకు గడ్డం తెల్లగా ఉండేది, చేతులు మాత్రం ఏ రోజు ఏ బండి పనైతే ఆ రంగులో ఉండేవి. అమ్మేముందు కొత్తదానిలా చేసిస్తానని ఆయనే బండిని తోసుకుపోయాడు. నేను రోజూ పోయి షెడ్డులో కూర్చునేదాన్ని. బాపు బండిని ఎవరు ఏం చేస్తారోనని కాపలా.

చాచా డోర్లు విప్పి, ఉప్పు కాగితం నీళ్లలో ముంచి రుద్దేవాడు. నీలం కింద బూడిద రంగు, దాని కింద పచ్చ, ఒకదాని వెనక ఒకటి బయటపడేవి. ఒకరోజు నా చేతికి పలచటి నూలు గుడ్డ ఇచ్చి, "కండ్లు మూసుకో బిడ్డా. గుడ్డ పరిచి, దాని మీదికెళ్లి చెయ్యి జరుపు. కండ్లకు రంగే కనవడ్తది, చెయ్యికి రేకు దొరుకుతది" అన్నాడు. సొట్టలు పట్టుకునే పద్ధతి అది. గుడ్డ ఉంటే చెయ్యి సులువుగా జారుతుంది, ఎంత చిన్న వంపైనా తెలిసిపోతుంది.

కుడి డోరు మీద జరిపాను. సాఫుగా ఉన్నది. చాచా ఎడమ డోరు నా ముందుకు జరిపాడు. చెయ్యి కొంత దూరం పోయి ఆగిపోయింది. అక్కడ లప్పం నెర్రెలు విచ్చింది, లోపల తుప్పు గరగరమన్నది. "ఏం దొరికింది?" అని అడిగాడు చాచా. నేను కళ్లు తెరవలేదు. "మేక కాదు చాచా, నేనే పడగొట్టిన" అన్నాను. ఏడుపు ఆగలేదు. బాపును బొంద పెట్టిన రోజు కూడా అంత ఏడవలేదు నేను.

చాచా కాగితం పక్కన పెట్టి, చేతులు తుడుచుకొని నా పక్కన కూర్చున్నాడు. "మీ బాపుకు ఎర్కనే బిడ్డా" అన్నాడు. డోరు తెచ్చిన రోజే బాపు ఆయనకు చెప్పాడట. సొట్ట తియ్యకుండా లప్పం పెడితే ఒక్క వానకు పగులుతుందని చాచా కొట్లాడాడట. "'ఇప్పటికి పెట్టు చాచా. నా బిడ్డ తనంతట తనే చెప్తది. చెప్పిన నాడు తోల్కొనొస్త, ఇద్దరం కలిసి కొట్టి తీస్తం' అన్నడు. ఇగో, గందుకే పగిలింది."

మేకను చూసి బండి ఆపిన ప్రతిసారీ బాపు నా కోసం ఆగాడు. మంచంలో నుంచి మేక ఎట్లున్నదని అడిగినప్పుడు కూడా నా మాట కోసమే చూశాడు. నేను గ్లాసు కడగడానికి పోయాను.

చాచా నన్ను ఊరడించలేదు. ఆ లప్పం మొత్తం నాతోనే గీకించాడు. తుప్పు పోయి రేకు మెరిసేదాకా రుద్దించాడు. పై నుంచి ఇనుప దిమ్మ తాను అదిమి పట్టుకొని, లోపలి నుంచి కొట్టమని చిన్న సుత్తె నా చేతికిచ్చాడు. నేను కసికొద్దీ ఒక్కటి వేశాను. "గట్ల కాదు. ఒక్క దెబ్బకు తీద్దమంటే రేకు సాగుతది. అంచు కాడికెళ్లి మెల్లగ రా" అన్నాడు. మెల్లగానే వచ్చాను. పొద్దు వాలేసరికి సొట్ట పైకి లేచింది. బాపు అన్నట్టే ఇద్దరం కలిసి తీశాం. పక్కన ఉండాల్సింది బాపు.

బండిని ఒక బడి సారు కొనుక్కుపోయాడు. చాలా ఏళ్లు, రోడ్డు మీద నీలం స్కూటర్ పోతే దాని ఎడమ పక్కే చూసేదాన్ని.

మా ఆయన పోయి రెండేళ్లు. ఆయన మంచం పట్టినప్పుడు, దాచుకున్నవన్నీ ఆ పక్కన కూర్చొని ఒక్కొక్కటే చెప్పాను. పగలగొట్టిన గడియారం, ఆయన చెల్లెలి మీద కల్పించి చెప్పిన చాడీ, అన్నీ. "ఇంకెన్ని ఉన్నయే నీ కాడ?" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు మిగిలింది. చాచా షెడ్డులో ఏడవకపోతే అది కూడా మిగిలేది కాదు.

ఆయన స్కూటర్‌కు ఇప్పుడు మా బిడ్డ అజీజ్‌నగర్ దగ్గర ఒక షెడ్డులో రేకు పని, రంగు పని చేయిస్తున్నది. ఫాంహౌస్‌ల వాళ్లకు పాత స్కూటర్లంటే మోజట, షెడ్డు నిండా అవే. మొన్న పోయి ఆయన బండి డోరు మీద నా కొంగు పరిచి, కళ్లు మూసుకొని చెయ్యి జరిపాను. "అంత సాఫే అవ్వా, ఏం దేవులాడుతున్నవ్?" అన్నాడు అక్కడి పెయింటర్. నిజమే, సాఫుగానే ఉన్నది. నా చెయ్యి మాత్రం ఏ బండి మీద పెట్టినా ఒకచోటికి పోయి ఆగుతుంది. ఆగినప్పుడల్లా పెదవులు కదలకుండా అనుకుంటాను: మేక కాదు బాపూ, నేనే.