మిర్చి కల్లంలో స్పీడ్‌వే

2023 వేసవి. సారపాకలో నేను టూ వీలర్ వర్క్‌షాప్ పెట్టి అప్పటికి నాలుగో ఏడు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేశాక మిల్లులో ఉద్యోగానికి ప్రయత్నించి, రాక, ఈ పనిలో స్థిరపడ్డాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది పేపర్‌బోర్డు మిల్లు కార్మికులు, మిగతా సగం అడవి ఊళ్లవాళ్లు. పనులు కూడా ఇంచుమించు అవే: క్లచ్ ప్లేట్లు, చైన్ స్ప్రాకెట్, బ్రేక్ షూలు. బ్రేకులు పట్టడం లేదని రోజూ ఎవరో ఒకరు వస్తారు. బ్రేకులు తీసేయమని వచ్చిన మనిషిని మాత్రం ఒక్కణ్ణే చూశాను.

అతని పేరు వీరన్న. కారేపల్లి మనిషి, ముప్పై అయిదేళ్లు ఉంటాయి. మూడేళ్లు పోలండ్‌లో పనిచేసి, వీసా అయిపోయి తిరిగొచ్చాడు. భార్య సరోజది సారపాకే కాబట్టి ఇక్కడే ఇల్లు కిరాయికి తీసుకుని, మిల్లుకు వచ్చే యూకలిప్టస్ కర్ర లారీల దగ్గర కాంట్రాక్టు పనిలో చేరాడు. ఆ రోజు ఒక పాత 350 సీసీ బండిని తోసుకుంటూ వచ్చి నా షెడ్డు ముందు స్టాండు వేశాడు.

"తమ్మీ, దీనికి రెండు బ్రేకులు పీకెయ్యాలె. గేర్లు గిట్ల వద్దు. ఒక్కటుంటె చాలు."

"అన్నా, బండి మీద కోపమా, నీ మీద కోపమా?"

"నవ్వుతవ్ గని, గిది చూడు ముందు" అని ఫోన్ చేతికిచ్చాడు.

అందులో నలుగురు మట్టి ట్రాక్ మీద అడ్డంగా జారుతూ మలుపు తిరుగుతున్నారు. బండి ముందు చక్రం ఒకవైపు, బండి పోయేది మరోవైపు. దాన్ని స్పీడ్‌వే అంటారని అప్పుడే తెలిసింది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే ట్రాక్, నాలుగు చుట్లు, ఎప్పుడూ ఎడమవైపే తిరగడం. 500 సీసీ ఇంజిన్, మెథనాల్ ఇంధనం, ఒకటే గేరు, బ్రేకులు ఉండవు. ఎడమ కాలి బూటు కింద ఇనుప రేకు కట్టుకుని, దాన్ని నేలకు ఆనించి, వెనుక చక్రాన్ని కావాలనే జారనిస్తారు. వీరన్న చూపించింది దేశాల మధ్య జరిగే టీమ్ ఛాంపియన్‌షిప్. ఒక్కో పందేన్ని హీట్ అంటారు. హీట్‌కు రెండు దేశాలు, దేశానికి ఇద్దరు. ఎవరికి వారు గెలిస్తే సరిపోదు, వెనకబడ్డ జోడీదారుణ్ణి కూడా కాచుకుంటూ పోవాలి.

"నువ్వు తోలినవా అన్నా అక్కడ?"

"మనల్నెవడు ఎక్కనిస్తడు? ఆ స్టేడియంల మట్టి పని చేసిన. పోటీలు మా ట్రాక్ మీదనే అయినయ్."

మట్టి పని అన్న మాట విని వదిలేశాను. నా కళ్లు ఇంజిన్ మీదే ఉన్నాయి.

మర్నాడు సరోజ వచ్చింది, అయిదేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని. నేను స్టూలు వేసినా కూర్చోలేదు.

"తమ్మీ, మీ అన్నను ఆ దేశపోళ్లు మళ్ల పిలుస్తున్నరు. ఈ ఏడు కూడ పోటీలు అక్కడ్నేనంట. కాయితాలు వాళ్లే చేయిస్తరంట. పోత అనడు, పోను అనడు. అన్నం ముంగట పెట్టుకొని ఆ బండ్లనే చూస్తడు. ఈ పిల్ల మూడేండ్లు ఫోన్లనే నాయినకు ముద్దు పెట్టింది. నువ్వు ఆ బండేందో జల్దీ చేసియ్యి. ఒక్కపారి తోలితె ఆయన పానం నిమ్మలమైతది."

"కాకపోతే వదినా?"

"చేసినంక గదా తెలిసేది."

పని మొదలుపెట్టాను. రెండు బ్రేకులూ, వాటి లీవర్లూ తీశాను. గేరు పెడల్ తీసేసి రెండో గేరులో బిగించాను. వెనుక పెద్ద స్ప్రాకెట్ వేశాను. లైట్లు, మడ్‌గార్డులు, సైలెన్సర్ పైనుండే అలంకారాలు అన్నీ విప్పి బరువు తగ్గించాను. మెథనాల్ జోలికి పోలేదు, పెట్రోలే. అన్నిటికన్నా ముఖ్యం కటౌట్. అది హ్యాండిల్ దగ్గరి స్విచ్‌కూ మణికట్టుకూ మధ్య కట్టే తాడు. మనిషి పడితే తాడు ఊడి ఇంజిన్ ఆగిపోతుంది. దాన్ని అయిదారుసార్లు లాగి చూసుకున్న తర్వాతే బండి బయటికి తీశాను. బూటు కింది రేకు మాత్రం వీరన్నే పాత డిస్కు నాగలి పళ్లెం ముక్కతో చేయించుకొచ్చాడు.

ఇక ట్రాక్ కావాలి. గట్టిగా, చదునుగా, ఎవరూ తిరగని నేల ఎక్కడుందని ఆలోచిస్తే ఇద్దరికీ ఒకే జాగా తోచింది: మిర్చి కల్లం. కాయలు ఎండబోయడానికి నేలను తడిపి, దిమ్మిస కొట్టి పలకలా చేస్తారు. సీజన్ అయిపోతే ఖాళీగా ఉంటుంది. బూర్గంపాడు దగ్గర సాంబశివరావు గారికి ఎకరం పైన కల్లం ఉంది. వాళ్ల తాతలు గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. ఆయన ట్రాక్టర్ కూడా నేనే చూస్తుంటాను కాబట్టి అడగగానే ఒప్పుకున్నాడు.

"తిప్పుకోండయ్యా. కానీ కాళ్లూ చేతులూ విరిగితే నా కల్లం పేరు చెప్పమాకండి."

ఒక ఆదివారం పొద్దున్నే వెళ్లాం. పాత టైర్లు పెట్టి లోపలి గీత గుర్తు వేశాం. సాంబశివరావు గారు కుర్చీ వేయించుకున్నాడు. సరోజ, పాప గట్టు మీద నిలబడ్డారు. వీరన్న హెల్మెట్ పెట్టుకుని, తాడు మణికట్టుకు కట్టుకుని, క్లచ్ వదిలాడు. మొదటి మలుపులో ఎడమ కాలు దించాడు. వెనుక చక్రం జారింది. నేను బిగించిన బండి ఫోన్‌లో చూసినట్టే అడ్డంగా తిరగడం కళ్లారా చూశాను.

ఆ వెంటనే మా అందరికీ తుమ్ములు మొదలయ్యాయి.

నెలల తరబడి మిర్చి ఎండిన నేల అది. గింజలు, పొట్టు, కారం ఆ మట్టిలోనే దిగిపోయి ఉన్నాయి. చక్రం దాన్ని చెక్కి గాలిలోకి లేపింది. పాప కళ్లు నలుపుకుంటూ ఏడుపు అందుకుంది. సాంబశివరావు గారు కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

"ఏమయ్యా ఇంజినీరూ, బండిలో పెట్రోలు పోశావా, పచ్చడి పోశావా?"

వీరన్న రెండు చుట్లకే క్లచ్ పట్టి, బండి దానంతటదే ఆగేదాకా వదిలి, దగ్గుతూ వచ్చాడు. పని చెడిందనుకున్నాను. అతను హెల్మెట్ తీసి ఒకసారి మలుపు వైపు చూశాడు.

"నీళ్లు గావాలె. దంతె గావాలె."

ట్రాక్టర్ ట్యాంకర్ తెప్పించాం. అప్పటిదాకా నాకు తెలిసిన వీరన్న వేరు, ఆ తర్వాత చూసిన వీరన్న వేరు. పైపు నోటికి బొటనవేలు అడ్డం పెట్టి నీళ్లు సన్నటి జల్లులా పట్టాడు. లోపలి అంచున తక్కువ, బయటి అంచున ఎక్కువ. చక్రం చెక్కిన గాడులను పళ్ల దంతెతో మట్టి లాగి నింపాడు. మడమతో తొక్కి చూశాడు, పిడికెడు తీసి నలిపి చూశాడు, మళ్లీ కొంచెం తడిపాడు. దిగులు మొహం లేదు, ఫోన్ పట్టుకున్న మనిషి లేడు. పనిచేస్తూ తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు చెప్పాడు.

"నాలుగు హీట్లకొకపారి మేం లోపల్కి పోయేటోళ్లం తమ్మీ. అన్ని దేశాలోళ్లు, వేలమంది, మా పని అయిందాక ఆగాలె. రైడర్లు గోడకాడ నిలబడి మా చేతులే చూసేటోళ్లు. ఒక్కడు దండం పెట్టినట్టు తల ఊపి పోయేటోడు."

మలుపు నున్నగా తయారైంది. కారం లేవడం లేదు. "ఇగ ఎక్కు అన్నా" అన్నాను.

అతను హెల్మెట్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నువ్వు తోలు. నేను చూస్త."

తోలాను. సరిగా జారలేదు, ఒకసారి పడ్డాను కూడా, కటౌట్ పనిచేసింది. లేచి చూస్తే వీరన్న నా వైపు చూడటం లేదు. నేను పాడుచేసిన చోటికి దంతె పట్టుకుని నడుస్తున్నాడు.

సరోజ గట్టు దిగి నా పక్కకొచ్చింది. కళ్లు ఎర్రగానే ఉన్నాయి, కారానికో మరి దేనికో.

"బండి మీద మనసనుకున్న తమ్మీ. మట్టి మీదనా?" అంది. తర్వాత గొంతు పెంచి భర్తను అడిగింది. "ఏమయ్యా, మట్టి ఈడ లేదా?"

వీరన్న దంతె ఆపాడు. "ఉన్నది సరోజా. మంచి మట్టే. ఆగి చూసేటోళ్లు లేరు."

సరోజ పిల్లను దగ్గరికి లాక్కుంది. పాప ముక్కు తుడిచి చంకనెత్తుకుంది. "పోయి రాపో. సీజన్ అయినంక ఒక్క దినం ఎక్కువుంటె నేనే వచ్చి గుంజుకొస్త" అంది. వీరన్న నవ్వలేదు. తల వంచుకుని ఆ మలుపు పూర్తి చేశాడు.

పది రోజులకు బండిని నా దగ్గరే వదిలి వెళ్లిపోయాడు.

మా వృత్తిలో రెండు మాటలున్నాయి. కస్టమర్ చెప్పేది కంప్లైంట్. బండిలో అసలు చెడింది ఫాల్ట్. రెండూ ఒకటే అయ్యేది తక్కువ. శబ్దం ఇంజిన్‌లో అంటారు, విప్పితే చైన్‌లో ఉంటుంది. ఇది బండ్లకే అనుకునేవాణ్ణి. వీరన్న ఒక యంత్రం అడిగాడు, చెప్పిన కొలతలకు చేసిచ్చాను, అది తిరిగింది కూడా. అయినా అతనికి లోటైంది నేను స్పానర్‌తో బిగించగలిగేది కాదు. ఇప్పుడు ఎవరైనా వింత పని అడిగితే, బండి విప్పకముందే అది చేశాక ఏం చేస్తావని అడుగుతున్నాను. జవాబు విన్నాక కొన్ని పనులు ఒప్పుకోను.

ఆ ఏడాది ఛాంపియన్‌షిప్ మన టైము ప్రకారం రాత్రిపూట జరిగింది. మర్నాడు పొద్దున రికార్డింగ్ పెట్టుకుని షాపులో చూశాం, నేను, సరోజ, పాప. నాలుగు హీట్లు అయ్యాయి. పాప స్టూలు మీద ముందుకు వంగింది. ట్రాక్ తడిపే ట్రాక్టర్ గేటులోంచి ముక్కు బయటపెట్టిందో లేదో, వ్యాపార ప్రకటనలు మొదలయ్యాయి. ఎనిమిదో హీట్ తర్వాతా అంతే. పన్నెండు తర్వాతా అంతే. దంతె పట్టిన మనిషి ఒక్కడూ కనబడలేదు.

"నాయిన ఏడే?" అంది పాప.

ప్రకటనలు అయిపోయి తెర మీదికి ట్రాక్ వచ్చింది. తడిగా, ఒక్క గీత కూడా లేకుండా ఉంది. సరోజ ఆ మలుపు మీద వేలు పెట్టింది.

"ఇగో, ఈడ్నే ఉండె" అంది.

పందెం మొదలయ్యే గీత దగ్గర అడ్డంగా కట్టిన తాళ్లు పైకి లేచాయి. నాలుగు బండ్లు ఆమె వేలి కిందికి వచ్చాయి.