రాతి జకానా తోక

నంద్యాల కొత్త జిల్లా అయిన ఏడాది నన్ను అవుకు వైపు అటవీ శాఖ డిప్యూటీ రేంజ్ ఆఫీసర్‌గా వేశారు. పైన రేంజ్ ఆఫీసర్, కింద సెక్షన్, బీట్ ఆఫీసర్లు. మధ్యలో నలిగే ఉద్యోగం. కెమెరా పట్టడం వచ్చు కాబట్టి నీటిపక్షుల ఫొటోలు తీసే పని కూడా నా నెత్తినే పడింది. నిజం చెప్పాలంటే, మొత్తం సర్వీసులో నాకు నచ్చిన పని అదొక్కటే.

అక్కడి తామర చెరువు గట్టున ఒక రాతి పక్షిని నిలపాలని నిర్ణయమైంది. షరతు ఒకటే: ఆ చెరువులో తిరిగే పక్షే కావాలి. వానాకాలంలో నేను తీసిన జకానా ఫొటోలను ఆళ్లగడ్డ శిల్పి వీరాచారికి ఇచ్చాను. తామరాకుల మీద నడిచే పక్షి అది. ముదురు గోధుమ ఒళ్లు, తెల్లటి తల, మెడ వెనక పసుపు, కొడవలిలా వంగిన పొడవాటి తోక. తెల్ల రెక్కలు ఎండకు వెలిసిపోకుండా వెలుగు తగ్గించి తీశాను కాబట్టి ఈక ఈకా తెలిసేది. ఆచారి ఆ తోకను అతుకు లేకుండా, ఒంటితో పాటు ఒకే రాతిలో వేలంత సన్నగా తేల్చాడు. చూసి దానికీ ఫొటో తీసుకున్నాను.

జనవరిలో కొత్త రేంజ్ ఆఫీసర్ వచ్చి చెరువు చూశారు. ఆయనకు కనిపించిన జకానాలకు మట్టిరంగు వీపు, తెల్ల పొట్ట, మెడ కింద నల్ల పట్టీ. తోక జానెడు కూడా లేదు. ఫొటోలు వేరే ఊరివేమో, శిల్పానికి తోక తీయించండి అన్నారు. పని ముగిసిందని సంతకం పెట్టాల్సింది ఆయనే. గుడ్లు పెట్టే కాలం దాటితే ఈ పక్షి ఈకలు మార్చుకుంటుందని చెప్పాను. పుస్తకంలో కాదు, ఇక్కడ చూపించండి అన్నారు. నాకు ఒళ్లు మండింది. అయినా ఆయన అడిగింది సబబే.

ఈ సంగతి చెబితే ఆచారి ఉలి కింద పెట్టాడు.

“ఏందీ సార్, తోక కొట్టేయాల్నా? కొట్టేది ఒక పూట పని. మళ్లా అతికిచ్చేదెవరు?”

రేంజ్ ఆఫీసర్‌ను ఉగాది దాకా గడువు కావాలని రాతపూర్వకంగా అడిగి తీసుకున్నాను. అంతలోపల తోక రాకపోతే ఏం చేయాలని ఆచారి అడిగాడు. నేను కెమెరా సర్దుకున్నాను.

మాఘమంతా తెల్లవారుజామునే జమ్ము చాటున కూర్చున్నాను. అన్నీ మొండి తోకలే. ఫాల్గుణం చివర్లో ఒక పక్షి కనిపించింది: మెడ వెనక పసుపు తిరిగింది, కింద నల్ల పట్టీ ఇంకా పోలేదు, పొట్ట మీద గోధుమ మచ్చలు, తోక సగం పెరిగింది. వెంటనే రేంజ్ ఆఫీసర్‌ను పిలిపించాను. ఆయన కెమెరాలోంచి చాలాసేపు చూసి, ఇది వేరే జాతా అని అడిగారు. ఆ సంతోషంలో నా యాస దాగలేదు.

“అదే పిట్ట సార్. బట్టలు మార్చుకుంటాండాది, మనమే తొంగి చూస్తాండాం.”

ఆయన నవ్వేశారు. ఆ వారమే సంతకం పెట్టారు. శిల్పం తోకతోనే గట్టెక్కింది. చలికాలంలో వచ్చినవాళ్లు ఇట్లాంటి పక్షి ఇక్కడ లేదని ఇప్పటికీ వాదిస్తారట. వాదించనీ.

పక్షికి తోక రాలితే ఏడాది తిరక్కుండా మళ్లీ వస్తుంది. రాతికి రాదు. తిరిగి సరిచేయలేని పని చేయించే ముందు ఒక ఋతువు ఆగాలి. ఆగమని పై అధికారిని అడగడానికి కింది ఉద్యోగి జంకకూడదు.