ఒంటి కాయ గడప దాటదు

మా ఊరికి రాజధాని వచ్చిన ఏడే నాకు ఇల్లు జైలయింది. ఉరుమురిమి మంగలం మీద పడ్డట్టు, సర్కారు కర్నూలుకు తరలివస్తే సంకెళ్లు మా కాళ్లకు పడ్డాయి. ఎటు చూసినా గుడారాలు, గుడారాల్లో ఆఫీసులు, వీధి నిండా ముఖం తెలియని గుమాస్తాలు. నేను అప్పుడే ఎస్సెల్సీ ప్యాసై కూర్చున్నాను. మా నాయన ఒకటే మాటన్నాడు.

"ఊరు మునుపటి మాదిరి లేదమ్మా. తోడు లేకుండా గడప దాటొద్దు."

నాకున్న తోడు పక్కింటి సాయిబుల పిల్ల ఒక్కతే. ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నాం. వాళ్ల నాయన పుస్తకాలు బైండు చేసేవాడు. రాజధాని పుణ్యమా అని ఆయనకు చేతినిండా పని. కూతురికి మాత్రం నాకు పెట్టిన కట్టుబాటే పెట్టాడు. మా పెరళ్ల మధ్య గోడలో చిన్న తలుపుండేది. తనకు నేను, నాకు తను, ఇద్దరికీ ఆ తలుపు. మూడు నెలల్లో మేం వీధి మొహం చూసింది రెండుసార్లు.

అష్టాచెమ్మా ఆడాం, పులిమేక ఆడాం, దాడి ఆడాం. ఆడీ ఆడీ చేతులు నొప్పి పుట్టాయి. ఒకరోజు తనే విసుగొచ్చి గవ్వలు తోసేసింది.

"ఇంగ ఇవొద్దు మే. మనమే ఒక కొత్త ఆట కడదాం."

చేతిపని తనది, పెత్తనం నాది. వాళ్ల నాయన కత్తిరించి పారేసిన అట్టముక్కలు మైదా బంకతో అతికించి, మీద నీలం బైండు గుడ్డ పరిచింది. దాని మీద సుద్దముక్కతో కర్నూలు నుంచి కడపకు దారి గీశాం. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు, కడప. ఆ ఊళ్లేవీ మేం చూడలేదు, బస్సు బోర్డు మీద చదివినవే. కడపే ఎందుకంటే, అక్కడ ఆడపిల్లల టీచరు ట్రైనింగు స్కూలుందని మాకు తెలుసు. ఇద్దరికీ లోపల అదే పీకులాట. ఒక పక్క అరగదీసిన చింతపిక్కలు పందేనికి. కాయలుగా తనకు నాలుగు గవ్వలు, నాకు నాలుగు కానుగ గింజలు. పాత శుభలేఖలు కత్తిరించి వెనుక వైపు చీట్లు రాశాం. బస్సు టైరు పగిలింది, ఒక పందెం ఆగు. చుట్టాలొచ్చినారు, ఇంటికి తిరుగు. పెళ్లి కుదిరింది, కాయ తీసెయ్. ఆ చివరి చీటీ రాసేటప్పుడు ఇద్దరం పడీ పడీ నవ్వాం. మూడు చీట్లు రాశాం దాన్నే.

కాయలు జతగానే కదలాలి, ఒంటి కాయ గడప దాటదు, దారిలో ఉన్నా ముందుకు పోదు. ఈ నియమం పెట్టింది నేను. దీని గురించి అరక్షణం కూడా ఆలోచించలేదు. తను కూడా ఎందుకని అడగలేదు.

ఆట బాగుందో లేదో చెప్పడానికి ఇంకో మనిషి కావాలి కదా. మా ముందు గదిలో గుంటూరు వైపు గుమాస్తా ఒకాయన అద్దెకుండేవాడు. ఆయన భార్యను పిలిచాం. మాకంటే ఆరేడేళ్లు పెద్దది, నోరు ధాటి. వారం రోజులు ఆడింది. వారం రోజులూ ఎవరూ గెలవలేదు. ఎవరి కాయకో పెళ్లి కుదిరేది, దాని జత కాయ నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో రాయిలా కూర్చునేది. చివరికి ఎవరి పందెం వచ్చినా కదలడానికి కాయ ఉండేది కాదు.

"ఇదేం ఆటమ్మా, ఎవరూ గెలవరు?" అందామె. "ఆ ఒంటికాయ శొంఠికొమ్ముని పోనిస్తే ఏం? నేను బెజవాడ నించి ఒక్కదాన్నే రైలెక్కి రాలా? నన్నెవరన్నా ఎత్తుకుపోయారా?"

పక్కింటి పిల్ల ముఖం వెలిగిపోయింది.

"అవునే. జతకు పెండ్లయితే ఇంగొకటి ఒంటిగానే పోవచ్చని పెడదాం. అప్పుడు ఆట నడుస్తాది."

నాకు ఒళ్లు మండింది. నేను కట్టిన ఆటకు వంకలు పెట్టడమేమిటి?

"అట్లయితే ఆటేముండాది? దొంగాట. నేమమంటే నేమమే," అని, పెన్ను తీసి అట్ట నెత్తిన పెద్దక్షరాలతో రాసేశాను, ఒంటి కాయ గడప దాటదు అని.

పక్క గదిలో పేపరు చదువుకుంటున్న మా నాయన వింటున్నట్టుంది.

"శానా బాగా పెట్టినావమ్మా," అన్నాడు. నేను పొంగిపోయాను.

రాజధాని వచ్చిన మూడేళ్లకు గుమాస్తాలంతా హైదరాబాదుకు తరలిపోయారు, ఆమె కూడా పోయింది. వీధి బోసిపోయినా మా కట్టుబాటు కట్టుబాటుగానే ఉంది. మేం మాత్రం ఇద్దరి అమ్మలనూ ఒప్పించి కడపకు దరఖాస్తులు పంపాం. ఇద్దరికీ సీటొచ్చింది. "ఇద్దరూ అయితే సరే," అన్నారు రెండిళ్ల వాళ్లూ. ఇద్దరికీ కలిపి ఒకే ట్రంకుపెట్టె కొన్నాం. దాన్ని రోజూ తెరిచి మూసేవాళ్లం.

స్కూలు తెరవడానికి ఇరవై రోజులుందనగా తనకు ఆలూరు సంబంధం కుదిరింది. పెరటి గోడ తలుపులో నిలబడి చెప్పింది. ఏడవలేదు.

"పెట్టె నువ్వే తీసుకుపో. నా కాయ తీసేసినారు గానీ, నువ్వు ఆగొద్దు మే. మీ నాయన్ను అడుగు."

సీటొచ్చిన కాగితం పట్టుకుని మా నాయన ఎదుట నిలబడ్డాను.

"నేనొక్కదాన్నే పోతా నాయనా. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి కడప."

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది, నేనూ తిరగబడేదాన్ని. పేపరు మడిచి చిన్నగా నవ్వాడు.

"మీ ఆటలో నువ్వే రాస్తివి కదమ్మా, ఒంటి కాయ గడప దాటదని. ఆ పిల్ల వద్దన్నా ఇనకపోతివే. ఇప్పుడు నన్నడిగితే నేనేం చెప్పేది?"

నా మాట నాకే తగిలింది. నిజమే కదా అనుకున్నాను. సిగ్గుతో లోపలికి వెళ్లి, ట్రంకుపెట్టెలో ఆ ఆట అట్ట పెట్టి మూత వేశాను. కడప బస్సు మా వీధి మలుపులో రోజూ హారన్ కొట్టేది. స్కూలు తెరిచిన రోజూ కొట్టింది. రెండేళ్లకు నాకు పక్క వీధిలోనే పెళ్లి చేశారు.

ఏండ్ల తరబడి నన్ను నేనే తిట్టుకున్నాను. ఒక మధ్యాహ్నం బియ్యం ఏరుతూ ఉంటే, ఆ రోజు నేను చెప్పవలసిన జవాబు ఉన్నట్టుండి తోచింది. ఆ నేమం నాది కాదు నాయనా, నీ దగ్గర నేర్చుకున్నదే. చేట కింద పెట్టి లేవబోయాను, ఆయనతో చెప్పడానికి. మా నాయన పోయి అప్పటికి తొమ్మిదేండ్లయింది.