ప్రతి గదిలో ఒకటి తక్కువ

మా వీధిలో కమిదే గారికి ఉన్న జబ్బు ఒక్కటే. తన హోటల్లో ఏ గదిలోనూ సామాను పూర్తిగా ఉండనివ్వరు.

కనజావాలో, పెద్దాసుపత్రి వెనక సందులో, మా ఊరగాయల కొట్టుకు సరిగ్గా ఎదురుగా ఆ హోటల్. రెండంతస్తులు, ఆరు గదులు, గదికో బుల్లి వంటిల్లు. ఆసుపత్రిలో తమ మనిషిని చేర్పించి, వారాల తరబడి కనిపెట్టుకుని ఉండేవాళ్ళే ఎక్కువగా దిగుతారు. పొయ్యి, కుక్కర్, పళ్ళేలు అన్నీ తళతళలాడుతుంటాయి. అయితే ఒకటో గదిలో గిన్నెకు మూత ఉండదు. రెండో గదిలో గరిటె ఉండదు. మూడో గదిలో కుక్కరుంటుంది, అన్నం తీసే హస్తం ఉండదు. నాలుగులో ఉప్పు, ఐదులో చాకు, ఆరులో డబ్బాలు తెరిచే ఓపెనర్ ఉండవు.

ఆ లేనివన్నీ ఎక్కడుంటాయనుకున్నారు? కింద కౌంటర్ వెనక గోడకు మేకులు కొట్టి, గది నంబరు రాసి, పరుగుపందెంలో గెలిచిన పతకాల్లా వేలాడదీసి ఉంటాయి. ఉప్పుకు కూడా ఒక సంచీ కుట్టించి మేకుకు తగిలించారు. పొద్దున కిందికొచ్చి అడిగి తీసుకోవాలి. సాయంత్రం ఆరింటికల్లా తిరిగివ్వాలి. మర్నాడు మళ్ళీ మొదటికే.

"ఏమండీ, ఆ మూత గదిలోనే పడేస్తే మీ సొమ్మేం పోతుంది?" అని ఒసాకా నుంచి వచ్చిన ఒక బట్టతలాయన గట్టిగానే నిలదీశాడు.

"పోతుంది" అన్నారు కమిదే గారు.

"ఏం పోతుంది?"

"మూత."

ఒసాకావాళ్ళ నోటికి ఎదురుండదని పేరు. అలాంటివాడు కూడా మూత పట్టుకుని పైకెళ్ళిపోయాడు.

ఊరికే వెళ్ళనిస్తారా అంటే అదీ లేదు. మూతకు ఒక అంచు ఆయన పట్టుకుంటారు, రెండో అంచు వచ్చినవాళ్ళు పట్టుకోవాలి. "ఏం వండుతున్నారు? రాత్రి నిద్ర పట్టిందా? డాక్టరేమన్నాడు?" మూడింటికీ జవాబొస్తే గానీ పట్టు వదలరు. అంతసేపూ కళ్ళద్దాల మీదుగా ఎదుటివాళ్ళ మొహంలోకి, చేప తాజాదో కాదో చూసేవాడిలా చూస్తారు.

మా జపాన్ వాళ్ళేమో ఉత్త చేతులతో ఏదీ తిరిగివ్వలేరు. మూతతో పాటు రెండు కమలాపళ్ళు వస్తాయి. పళ్ళు పుచ్చుకున్నందుకు ఆయన మర్నాడు మూతతో పాటు మా కొట్టు ముల్లంగి ఊరగాయ ఇస్తారు. ఊరగాయ తిన్నందుకు వాళ్ళు బియ్యపు బిస్కట్లు తెస్తారు. వారం తిరిగేసరికి ఒక్క మూత చుట్టూ పెళ్ళివారి సారెంత సరుకు తిరిగేది. ఈ చిరుతిళ్ళ కోసమే మహానుభావుడు మూతలు దాస్తున్నాడని నేను వీధంతా చెప్పాను. నాకేదైనా అంతుపట్టకపోతే అన్నం సయించదు మరి. ఇంటింటికీ తిరిగే వీధి సంఘం నోటీసు అట్ట ఇవ్వాలన్న వంకతో ఒకే వారంలో నాలుగుసార్లు వెళ్ళి ఆరా తీశాను. ఆయన నాలుగుసార్లూ సంతకం పెట్టారు, ఒక్కసారీ నోరు విప్పలేదు.

చివరికి ఏడాది చివరి కానుకగా నేనే కొత్త మూత, గరిటె, హస్తం, చాకు, ఓపెనర్ కొని పట్టుకెళ్ళాను.

"ఇక ఎవరి గదిలో వాళ్ళకుంటాయి. తిప్పలు తీరాయి కదయ్యా!" అన్నాను.

ఆయన నడుం పట్టేసేటంత వంగి దండం పెట్టారు. మర్నాడు వెళ్ళి చూద్దును కదా, గోడకు ఇంకో అయిదు మేకులు!

పోయిన నవంబరులో మూడో గదిలో ఇసోబె కినుయొ అనే ఆవిడ దిగింది. నోతో తీరం మనిషి. మొగుడు చేపలు పట్టేవాడు, పొట్టకు ఆపరేషన్. గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు లోపలికి తీసుకెళ్తారు. "అలలంటే భయం లేదు గానీ కత్తంటే చచ్చేంత భయమండీ ఆయనకు. నేను ఎదురుగా కనిపిస్తేనే లోపలికి వెళ్తానన్నాడు" అని కినుయొ కౌంటర్ దగ్గర చెప్తుండగా విన్నాను. వాన పడుతున్నా మా గుమ్మం ముందు ఊడుస్తూనే ఉంటాను. లేకపోతే ఎవరేం మాట్లాడుకున్నారో ఎలా తెలుస్తుంది?

ఆవిడ రోజూ ఏడున్నరకు దిగి, "క్షమించండి, ఈవేళ కూడా ఇబ్బంది పెడుతున్నాను" అని హస్తం తీసుకెళ్ళేది.

గురువారం ఏడున్నరైంది, ఎనిమిదైంది, తొమ్మిదైంది. ఎదురుగా కమిదే గారు గోడ వైపు చూడ్డం, మెట్ల వైపు చూడ్డం. ఉన్నట్టుండి గొడుగు కూడా లేకుండా వానలో సందు దాటి వచ్చేశారు. అన్నం మూట మరిచినా గొడుగు మరవకూడదన్నది మా ఊరి సామెత. ఏదో ముంచుకొచ్చిందనుకున్నాను.

"అక్కగారూ, ఒక్కసారి రండి. మూడో గది హస్తం ఇంకా మేకుకే ఉంది."

"ఉంటే సంతోషించాలి గానీ!"

"నిన్న సాయంత్రం తిరిగిచ్చినప్పుడు పొడిగా ఉందండీ. కడిగితే తడుండాలి, కడక్కపోతే మెతుకుండాలి. రెండూ లేవు. తిన్నారా అంటే తిన్నానంది. ఆడమనిషి గది, నేనొక్కణ్ణీ వెళ్ళలేను."

ఉప్పునీళ్ళ చేతులు తుడుచుకోకుండానే పరిగెత్తాను. ఆయన హస్తం పట్టుకుని తలుపు కొట్టారు. "ఇసోబె గారూ! హస్తం తెచ్చానండీ!" జవాబు లేదు. తాళం తీశాం.

బయటికెళ్ళే బట్టలు కట్టుకుని, ఫ్రిజ్‌కు ఆనుకుని నేల మీద కూలబడి ఉంది కినుయొ. మొహం సున్నంలా ఉంది. భుజం పట్టి కుదిపితే కళ్ళు తెరిచి, "క్షమించండి... మీకు శ్రమ..." అంది. స్పృహ వస్తూనే క్షమాపణ! అమ్మయ్య, ఏం ఫరవాలేదనుకున్నాను.

మలుపులో ఉండే డాక్టర్ను పిలిస్తే నాడి చూసి, "తిండి లేక. అంతే" అన్నాడు.

"రెండు రోజుల్నుంచీ ఆయన్ని పస్తుంచారండీ. నాకు మాత్రం ముద్దెలా దిగుతుంది?" అంది కినుయొ.

కమిదే గారు అంత గట్టిగా అరవడం ఎప్పుడూ వినలేదు. "ఆపరేషన్ ఆయనకా, మీకా? మొగుడూ పెళ్ళాల్ని పక్కపక్కన పడుకోబెట్టి కొయ్యమంటారా?"

అరుస్తూనే పొయ్యి వెలిగించి పల్చగా గంజి కాచారు. కంగారులో హస్తంతోనే తాగించబోతే లాక్కుని చెంచా ఇచ్చాను. రెండు గిన్నెలు తాగేసరికి ఆవిడ మొహంలోకి రంగొచ్చింది. నడిచే ఓపిక లేదని పన్నెండుకు టాక్సీ ఎక్కించాం. ఎక్కించి వెనక్కి వస్తారనుకున్న కమిదే గారు కూడా పక్కన కూర్చుని వెళ్ళిపోయారు.

సాయంత్రం అయిదింటికి తడిసి ముద్దై వచ్చి మా ఊరగాయ పీపా మీద కూలబడ్డారు.

"మొగుడు ఆవిణ్ణి చూశాకే లోపలికెళ్ళాడు. బాగా జరిగిందట" అని టీ గటగటా తాగారు. వదిలితే మళ్ళీ దొరకరని అడిగేశాను.

"ఇప్పుడైనా చెప్పవయ్యా, ఏమిటీ మూతల గొడవ?"

ఖాళీ కప్పు కింద పెట్టారు. "మొదట్లో అన్ని గదుల్లోనూ అన్నీ పెట్టాను అక్కగారూ. ఒకాయనకు జ్వరమొచ్చి రెండు రోజులు లేవలేదు. పక్క గదివాళ్ళకు తెలీదు, నాకూ తెలీదు. దేవుడి దయ, బతికాడు. అన్నీ ఉన్న గదిలో మనిషున్నాడో లేడో ఎవరికి తెలుస్తుంది?"

"రోజూ తలుపు కొట్టి బాగున్నారా అని అడగొచ్చుగా?"

"అడిగితే ఏమంటారు? బాగానే ఉన్నానంటారు. మనవాళ్ళు చచ్చేముందు కూడా బాగానే ఉన్నామంటారు. గరిటె కోసం వస్తే మొహం కనిపిస్తుంది. దయచేసి ఎవరితోనూ అనకండి."

అలాగేనన్నాను. చీకటి పడేలోపల ఆరు గదులకూ తెలిసిపోయింది. ఎలాగని నన్నడక్కండి.

మర్నాడు పొద్దున ఏడైంది. కౌంటర్ తెర తియ్యలేదు. ఏడున్నరకూ తియ్యలేదు. ఆ వెనక గదిలోనే ఆయన ఒంటరిగా ఉంటారు. నేను చీపురు పడేసి వెళ్ళేసరికి మెట్ల కింద మూత లేని ఒకటో గదాయన నుంచి ఓపెనర్ లేని ఆరో గదావిడ దాకా వరసగా నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు కినుయొ, ఆయన తలుపు దబదబా బాదేస్తోంది.

"కమిదే గారూ! హస్తం! కమిదే గారూ!"

తలుపు తెరుచుకుంది. జుట్టు పిచుక గూడులా, పైజమా బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని కమిదే గారు. జన్మలో మొదటిసారి పొద్దెక్కేదాకా నిద్రపోయారట. ఏడుగురం ఒక్కసారే ఊపిరి వదిలాం.

"ఏమిటింతమంది?" అన్నారు బిత్తరపోయి.

"మూత." "గరిటె." "హస్తం." "ఉప్పు." "చాకు." "ఓపెనర్." ఎవరిది వాళ్ళు చెప్పారు గానీ ఒక్కరూ గోడ వైపు చూడలేదు. అందరూ ఆయన మొహంలోకే చూస్తున్నారు.

"మీకేం కావాలి అక్కగారూ?"

"నాకేం అక్కర్లేదు. నిన్ను చూసిపోదామని వచ్చాను" అన్నాను.

ఆయన చెవుల దాకా ఎర్రబడి, గోడకున్న రెండో వరసలోంచి ఒక గరిటె తీసి నా చేతిలో కుక్కారు.

"సాయంత్రం ఆరింటికల్లా తిరిగివ్వాలి" అన్నారు.