పెసరట్టు అంటే ఎడమవైపు

మా వీరరాఘవరావు కొడుకు కౌశిక్ కాలేజీ టీములో క్వార్టర్‌బ్యాక్. ఈ సంగతి షార్జా నుంచి జెబెల్ అలీ దాకా కారులో రోజూ వినేవాణ్ని. మేమిద్దరం ఒకే గోదాముల కంపెనీలో ఉద్యోగులం, ఒకే కారులో వెళ్లేవాళ్లం. క్వార్టర్‌బ్యాక్ అంటే ఏమిటని అడిగితే మాత్రం ఆయన "కెప్టెన్ కంటే పైన" అని ఊరుకునేవాడు. ఆయనకి తెలిస్తే కదా చెప్పడానికి. ట్రాఫిక్‌లో ఇరుక్కున్న మనిషికి పక్కవాడి కొడుకు గొప్పలు వినడం తప్ప వేరే దారి ఉండదు.

2002లో కౌశిక్ దుబాయ్‌లో ఒక అమెరికన్ పద్ధతి కాలేజీలో చేరాడు. భవనం అమెరికన్, ఫీజు అంతకంటే అమెరికన్, పిల్లలేమో కొచ్చి, కరాచీ, అమ్మాన్, లాగోస్‌ల వాళ్లు. ఇంత అమెరికన్ అయ్యాక అమెరికన్ ఫుట్‌బాల్ కూడా ఉండాలని పైవాళ్లలో ఎవరికో తోచింది. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో విసిరే ఆట అది. అసలు ఆటలో మీదపడి కింద పడేస్తారట. ఫీజు కట్టే తల్లిదండ్రులు ఊరుకోరని ఇక్కడ ఆటగాళ్ల నడుముకి గుడ్డపట్టీలు కట్టారు. పట్టీ లాగేస్తే పడిపోయినట్టే లెక్క.

బంతి అందుకుని ఎటు విసరాలో తేల్చేది క్వార్టర్‌బ్యాక్. మిగతావాళ్లు అతను చెప్పినట్టు పరిగెత్తాలి. ఆ పని కౌశిక్‌కి ఎందుకంత నచ్చిందో నాకు తెలుసు. వాడు ఏం చదవాలో, ఏ చొక్కా వేసుకోవాలో, జుట్టు ఎంత ఉంచుకోవాలో ఇంట్లో వీరరాఘవరావే చెప్పేవాడు. మైదానంలో మాత్రం వాడు చెప్పిందే జరిగేది.

మొదటి రెండేళ్లూ టీము వరసగా ఓడింది. కాలేజీ పత్రిక ప్రతిసారీ "గట్టి పోటీ ఇచ్చారు" అని రాసింది. ఎత్తుగడ మార్చాలంటే క్వార్టర్‌బ్యాక్ మైదానంలోనే అరిచి చెప్పాలి. ఇంగ్లీషులో అరిచినా, అరబ్బీలో అరిచినా, హిందీలో అరిచినా ఎదుటివాళ్లకి తెలిసిపోయేది. అప్పుడు కౌశిక్‌కి వాళ్లమ్మ బాలత్రిపురసుందరి గారి క్యారియర్ గుర్తొచ్చింది. ప్రాక్టీసు రోజుల్లో ఆవిడ టీమంతటికీ పంపేది. తిని తిని అందరికీ పేర్లు నోటికొచ్చాయి. పెసరట్టు అంటే ఎడమవైపు, గుత్తివంకాయ అంటే కుడివైపు, పులిహోర అంటే మధ్యలోంచి పరుగు. లాగోస్ కుర్రాడు గుత్తివంకాయ అనగానే కుడివైపు దూసుకుపోవడం నేను కళ్లారా చూశాను, మనసు నిండిపోయింది. ఈ దేశంలో ఇంతమంది తెలుగువాళ్లున్నా ఎదుటి టీముల్లో ఒక్కడూ లేడు. మనవాళ్లు పిల్లల్ని బంతి దాకా పోనిస్తే కదా.

అలా గెలుస్తూ గెలుస్తూ 2006లో ఫైనల్‌కి వచ్చారు. అదే కౌశిక్ చదువుకి చివరి ఏడు. చదువు అయిపోతే తండ్రి వీసా మీద ఉండడం కుదరదు, ఉద్యోగం చూసుకోవాలి. మా కంపెనీ ముదీర్ (మేనేజరుని ఇక్కడ అలాగే అంటారు) దగ్గర వీరరాఘవరావు అప్పటికే మాట వేసి ఉంచాడు. కానీ వాడి ఆశ వేరే. ఒకరోజు నాకొక్కడికే చెప్పాడు.

"అంకుల్, కప్పు కొడితే కోచ్‌కి అసిస్టెంట్‌గా తీసుకుంటామన్నారు. వీసా కూడా కాలేజీదే. ఓడితే టీమే తీసేస్తారంట. నాన్నకి చెప్పకండి, గెలిచాక నేనే చెప్తాను."

ఫైనల్‌కి వారం ముందు క్యారియర్ ఇవ్వడానికి వీరరాఘవరావు మొదటిసారి ప్రాక్టీసుకి వెళ్లాడు. కాసేపు కూర్చునేసరికి వంటల గుట్టు తెలిసిపోయింది. ఆ వారమంతా కారులో ఆయన సంబరం అంతా ఇంతా కాదు. నాకు నిజంగానే ముచ్చటేసింది. నాలుగేళ్లకి కొడుకు ఆట అర్థమైంది పాపం.

ఫైనల్ శుక్రవారం. వీరరాఘవరావు ముదీర్‌ని కూడా పిలుచుకొచ్చాడు. మా ముదీర్‌కి చెవులు కాస్త మందం. ఎండ మాడ్చేస్తోంది. నీడ ఒక్కచోటే ఉంది, ఎదుటి టీము బెంచీ వెనక. మనవాళ్లు ఎక్కడికెళ్లినా ముందు నీడే చూస్తారు. అక్కడే కూర్చున్నాం.

కౌశిక్ "పెసరట్టు" అని అరిచాడు. వీరరాఘవరావు ముదీర్ వైపు వంగి ఇంగ్లీషులో అంతకంటే గట్టిగా అరిచాడు: "సర్, ఇప్పుడు ఎడమవైపు."

బంతి ఎడమవైపే వెళ్లింది. ముదీర్ ఆశ్చర్యపోయాడు. "సర్, ఇప్పుడు కుడి." కుడికే వెళ్లింది. ముదీర్ చప్పట్లు కొట్టాడు. నేను మోకాలితో పొడిచాను, చెయ్యి పట్టుకుని లాగాను, "ఏవండీ, కాస్త మెల్లగా" అన్నాను.

"మెల్లగా అంటే ఆయనకి వినపడద్దా?" అన్నాడు.

ముందు బెంచీ మీది కోచ్ ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. రెండోసారి తిరగలేదు, చెవి మాత్రం ఇటే పెట్టాడు. విరామం తర్వాత కౌశిక్ ఎటు విసిరితే అటు ఎదుటివాళ్లు ముందే నిలబడి ఉన్నారు. చివరి బంతికి వాడు పెసరట్టు అన్నాడు, తండ్రి ఎడమ అన్నాడు, కోచ్ చెయ్యెత్తాడు. ఎదుటివాడొకడు బంతిని గాల్లోనే అందుకుని పరిగెత్తాడు. కౌశిక్ మైదానం మధ్యలో చేతులు వేలాడేసుకుని నిలబడిపోయాడు. నాకు ఏడుపొచ్చింది.

తిరిగొస్తుంటే కారులో వీరరాఘవరావు వెనక్కి తిరిగాడు. "ఓడితే ఓడావులేరా. నేను చెప్పినవి మాత్రం ఒక్కటీ తప్పలేదు."

"ఎవరికి చెప్పారు నాన్నా?"

"ముదీర్‌కి. గట్టిగా చెప్పాల్సొచ్చింది, ఆయనకి వినపడదు కదా."

"ఎక్కడ కూర్చున్నారు?"

"నీడలో."

కౌశిక్ కోచ్ ఉద్యోగం మాట తండ్రికి ఎప్పటికీ చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. ఆయన ముఖంలో ఆ సంతోషం చూసి చెప్పబుద్ధి కాలేదన్నాడు.

వారం తిరక్కుండా ముదీర్ వాణ్ని పిలిచి ఉద్యోగం ఇచ్చాడు. ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. "నేను చూశాను. మీ నాన్న అక్కడి నుంచి ఎడమ అంటే నువ్వు ఎడమకి విసిరావు, కుడి అంటే కుడికి విసిరావు. మాట వినే మనిషే నాకు కావాలి" అన్నాడు. ఆ ఏడాదే కాలేజీ వాళ్లు టీముని ఎత్తేసి ఆ మైదానంలో కార్లు పెట్టించారు.

2008 నాటికి మా కారుని కౌశికే నడిపేవాడు. తండ్రి పక్క సీట్లో, నేను వెనక. ఆ మధ్య కొత్తగా చేరిన సత్యనారాయణ నా పక్కన కూర్చుని, "మీవాడు ఏదో ఆట ఆడేవాడటగా, క్వార్టర్‌బ్యాక్ అంటే ఏంటండీ?" అని అడిగాడు.

ఈసారి వీరరాఘవరావు తడుముకోలేదు. "ఏముందండీ, నేను ఎటంటే అటు విసిరేవాడు" అని, కొడుకు వైపు తిరిగి, "ఎడమ లైన్లోకి పోనీరా" అన్నాడు.

కౌశిక్ ఇండికేటర్ వేసి కారుని ఎడమ లైన్లోకి తీశాడు.