ఉల్లిపొర మీది వెంట్రుకలు

నిన్న వనపర్తిలో కొన్న ఉల్లిగడ్డల్లో ఒకటి కుళ్లింది. సంచి విప్పగానే కంపు గుప్పుమంది. ఎనిమిదో తరగతిలో ఉల్లిపొర పాఠం రోజు మా సైన్సు గది కూడా ఇదే కంపు కొట్టింది.

మా బడికి ఉన్నది ఒక్కటే మైక్రోస్కోపు. సారు దాంట్లో ఉల్లిపొర పెట్టి, ఫస్టు ర్యాంకు వాణ్నని నన్నొక్కణ్నే పిలిచాడు. "వీడు చూసి చెప్తడు, మీరందరు గీసుకోండి" అన్నాడు. నాకు నల్లటి వంకర గీతలు కనిపించాయి.

"వెంట్రుకలున్నయి సార్" అన్నాను గర్వంగా. క్లాసంతా తలలు వంచుకుని వెంట్రుకలు గీసింది.

వెనక బెంచీలోంచి షబానా లేచింది. వాళ్ల అబ్బా ఆత్మకూరు అంగట్లో ఉల్లిగడ్డలు అమ్మేవాడు.

"ఉల్లిపొరకు వెంట్రుకలేంది సార్? నేను దినాం ఒలుస్తనే ఉంట. జర నన్ను గూడ చూడనియ్యండి."

"ఫస్టొచ్చినోడు చూసినంక నువ్వు చూసేదేంది? కూసో!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మైక్రోస్కోపు ముందు నుంచి మాత్రం పక్కకు జరగలేదు.

కాలేజీలో మళ్లీ మైక్రోస్కోపుకు కన్ను ఆనిస్తే అవే గీతలు. "అవి నీ కనురెప్పల వెంట్రుకలు రా" అన్నాడు పక్కవాడు. ఆ సారు మీద, ఆ నవ్వుల మీద, అన్నిటికన్నా నా మీద నాకు అప్పుడు పుట్టిన రోత ఇంకా పోలేదు.

ఆ రోజు నోటుబుక్కులు దిద్దింది కూడా మానిటర్నైన నేనే. షబానా కూడా వెంట్రుకలే గీసింది, అందరికంటే శ్రద్ధగా, ఒక్కొక్కటీ విడివిడిగా.

నేను దానికి రైటు కొట్టాను.